గడప దాటిన బోటు

"అమ్మా, బోటు కట్టే తాడు ఎక్కడుందని నాన్న అడుగుతున్నారు."

"దాని మీద బట్టలు ఆరేస్తున్నానని చెప్పు. ఈ ఇంటికి బోటు కంటే బట్టలు ముందొచ్చాయని కూడా చెప్పు."

చిట్టి పెరట్లోంచి వాకిట్లోకి పరిగెత్తింది. అక్కడ పొద్దున్నే లేచి బోటులో నిలబడి ఉన్న తండ్రితో, "నీ చొక్కాలే ఉతికి ఆరేస్తోంది నాన్నా, అవ్వగానే ఇస్తానంది," అని చెప్పింది.

పెరట్లో ఉన్న తల్లికి ఆ మాట స్పష్టంగా వినిపించింది. తను అనని మాటను కాదనాలంటే ముందు భర్తతో నోరు విప్పాలి. విప్పనని ఒట్టు పెట్టుకుంది. అందుకని చేతిలో ఉన్న తడి దుప్పటిని ఎవరి మెడో అనుకుని గట్టిగా మెలిపెట్టి పిండి, ఊరుకుంది.

బోటు వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలన్నీ చిట్టి మీదుగానే రాకపోకలు సాగిస్తున్నాయి. పదో తరగతి చదువుతున్న ఆ పిల్ల మొదట్లో విన్నది విన్నట్టే చేరవేసింది. తర్వాత మాటలకు కాస్త పంచదార అద్దడం నేర్చుకుంది. ఇప్పుడిక సొంతంగానే అల్లేస్తోంది. దాంతో ఆయన అనని మంచి మాటలు ఆవిడకు, ఆవిడ అనని మెత్తని మాటలు ఆయనకు అందుతున్నాయి. పనిలో పనిగా, స్నేహితురాళ్ళతో సినిమాకు వెళ్ళడానికి అమ్మ సరేనందని నాన్నకూ, నాన్న సరేనన్నారని అమ్మకూ చెప్పేసి, సినిమా కూడా చూసి వచ్చింది.

బోటు గురించి చెప్పుకోవాలంటే, అది కొత్తది కాదు. నీలం రంగు పెచ్చులూడిన చోట పాత ఆకుపచ్చ, ఆకుపచ్చ రాలిన చోట ఇంకా పాత ఎరుపు కనిపిస్తున్నాయి. ఇంజను ఉండవలసిన చోట రెండు తుప్పు మరకలున్నాయి. ఆ ఇంజను రిపేరులో ఉందనీ, త్వరలోనే వస్తుందనీ అమ్మినాయన చెప్పాడు. ప్రస్తుతానికి రెండు తెడ్లే గతి.

ఇక అది నిలబడ్డ చోటు మరీ విచిత్రం. చక్రాల బండితో సహా సరిగ్గా మెట్లకూ గేటుకూ మధ్య ఇరుక్కుంది. ఇంట్లోంచి బయటికి పోవాలంటే ముందు స్టూలు వేసుకుని బోటెక్కాలి. అడ్డంగా నడిచి, అవతల ఇంకో స్టూలు మీద కాలు పెట్టి దిగితే గేటు వస్తుంది. గ్యాస్ బండ మోసుకొచ్చిన మనిషి బోటును చూసి, జేబులోంచి చీటీ తీసి ఇంటి నంబరు మళ్ళీ సరిచూసుకున్నాడు. ఆ ఇంటి కోడలైన చిట్టి తల్లి రోజూ ఉద్యోగానికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, చుక్క నీరు లేని చోట బోటు ప్రయాణం చేస్తోంది.

ఆవిడ పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, అట్ట మీది అక్షరాలు చదివించడం ఆవిడ పని. పోయిన శనివారం ఒక పాత ఖాతాదారుడు పై వరుసలన్నీ గడగడా చదివి, చివరి వరుస దగ్గర ఆగి, "బోటు కొన్నారటగా," అన్నాడు.

అట్ట మీద అలాంటి మాటేదీ లేదు. ఆవిడ అద్దం మార్చి మళ్ళీ చదవమంది. ఆయన మళ్ళీ అదే అన్నాడు.

అప్పుడు బయటపడింది. ఆవిడ భర్త ఊళ్ళో సగం మందికి కారు నడపడం నేర్పిన మనిషి. వీధంతా ఆయన్ను డ్రైవింగ్ మాస్టారనే పిలుస్తుంది. మాస్టారి దగ్గర కారు నేర్చుకుంటున్న వాళ్ళందరికీ బోటు సంగతి తెలుసు. అత్తగారికి తెలుసు. చిట్టికి తెలుసు. ఎదురింటివాళ్ళకు రంగులతో సహా తెలుసు. తెలియనిది ఆవిడొక్కర్తికే.

ఆ సాయంత్రం ఒకే ఒక్క ప్రశ్న వేసింది, అందరికీ చెప్పి తనకెందుకు చెప్పలేదని. మాస్టారు చొక్కా గుండీలు చూసుకుంటూ, "నువ్వు వద్దంటావని," అన్నాడు.

ఆ మాటతో ఆవిడ నోరు మూతపడింది. మర్నాడు ఆదివారం బోటు వచ్చింది.

బోటు ఒక్కటే వచ్చి ఉంటే ఎలాగో సర్దుకునేవాళ్ళేమో. దానితో పాటు అమ్మినాయన కూడా వచ్చాడు. రెండు వీధుల అవతల బేకరీ నడిపి, ఇప్పుడు కొడుకులకు అప్పగించి కూర్చున్న పెద్దాయన ఆయన. బోటును అమ్మేశాడే గానీ అప్పగించలేకపోయాడు. కూతుర్ని అత్తారింటికి పంపిన తండ్రిలా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసిపోవడానికి వస్తున్నాడు. ఉత్త చేతులతో రావడం లేదు. ఒక చేతిలో వేడి బన్నులు, ఇంకో చేతిలో తుడిచే గుడ్డ. బోటును ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచి, దానికి మధ్యాహ్నపు ఎండ పడదనీ, ఎడమ పక్క కాస్త సుకుమారమనీ, గట్టిగా తొక్కితే నొచ్చుకుంటుందనీ చెబుతాడు. వానలు పడితే లోపలి నీళ్ళు పోవడానికి వెనక అడుగున ఒక కన్నం ఉంటుందనీ, నీళ్ళలోకి దించేముందు దానికి ఇత్తడి బిరడా బిగించి ఉందో లేదో చూసుకోమనీ రోజుకు నాలుగుసార్లు చెప్పందే కదలడు.

అత్తగారికి మాత్రం ఆయన రాక తెగ నచ్చింది. అన్నయ్యగారూ అని వరస కలిపి, బోటులోకే కాఫీ అందించేది. ఆవిడ ఇంటి మెట్టు మీద, ఆయన బోటు అంచున కూర్చుని, ఈ కాలపు పిల్లల గురించి గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. ఈ కాలపు పిల్లలేమో ఆఫీసు టైము అవుతుంటే ఆ ఇద్దరి మధ్యలోంచి స్టూలెక్కి, బోటు దాటి పోవాల్సి వచ్చేది.

చివరికి మాస్టారికే ఓపిక నశించింది. తన బోటులో తను కూర్చోవడానికి ఇంకొకరి అనుమతి కావలసి వస్తోంది. అందుకే ఈ ఆదివారం పెద్దాయన బన్నులు పట్టుకుని వచ్చేలోపే బయలుదేరిపోవాలని, తల్లితోనూ కూతురితోనూ గుసగుసగా అనుకున్నాడు. గేటు రెక్కలు ఊడదీసి గోడకు ఆనించాడు. కారుకు వెనక బండి తగిలించాడు.

కోడలు రాకూడదనే అనుకుంది. కానీ చిట్టికి ఈత రాదు. మాస్టారికి అసలే రాదు. అత్తగారి సంగతి అడగనక్కర్లేదు. ముగ్గురూ కట్టగట్టుకుని నీళ్ళ మీదికి పోతుంటే ఇంట్లో కూర్చుని ఏ పని చేసినా చేతికి రాదని తెలుసు. తాడు మీది బట్టలు తీసి, తాడు చుట్ట చుట్టి చిట్టి చేతికిచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా కారు వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

"అమ్మ నీతో రావడం తనకెంతో సంతోషంగా ఉందంటోంది నాన్నా," అంది చిట్టి.

కారు వెనక "నేర్చుకుంటున్నాం, దూరంగా ఉండండి" అన్న బోర్డు ఉంటుంది. బోటు అడ్డం వచ్చి కనిపించదని మాస్టారు దాన్ని తీసి బోటు వెనక కట్టాడు. దారిలో అది చదివినవాళ్ళంతా నిజంగానే దూరంగా ఉన్నారు.

ఊరి బయట రిజర్వాయరు దగ్గర, నీళ్ళలోకి దిగే సిమెంటు వాలు ఒకటుంది. ఆదివారం కావడంతో ఒడ్డున జనం బాగానే ఉన్నారు. గొడుగుల కింద దుప్పట్లు పరుచుకున్న కుటుంబాలు, గేలాలు వేసి కునికిపాట్లు పడుతున్న మొగవాళ్ళు, నీళ్ళలో కేరింతలు కొడుతున్న పిల్లలు. ముందొచ్చిన ఇద్దరు ముగ్గురు బోటును వెనక్కి దించలేక, బండి ఒకవైపు కారు ఒకవైపు వంకర పోతుంటే, తిట్టుకుంటూ ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు.

మాస్టారు జీవితంలో అలాంటి క్షణం కోసమే ఎదురుచూశాడేమో. అద్దం సరిచేసుకున్నాడు. మెడ అటు ఇటూ తిప్పాడు. ఒక్క ఊపులో, ఎక్కడా ఆగకుండా, గీత గీసినట్టు కారును వెనక్కి పోనిచ్చి, బండి చక్రాలు నీళ్ళలో మునిగే చోట సరిగ్గా ఆపాడు. ఒడ్డున ఎవరో చప్పట్లు కొట్టారు.

మాస్టారు అద్దంలోంచి పెళ్ళాం మొహం వైపు చూశాడు. ఆవిడ ఆకాశం వైపు చూస్తోంది. చూడాల్సిందంతా అంతకుముందే ఓరకంట చూసేసింది. ఈ మనిషికి ముందుకు పోవడం కంటే వెనక్కి పోవడమే బాగా వచ్చు అనుకుంది. నవ్వొచ్చింది. మింగేసింది.

ఆ తర్వాత మాస్టారు బోటు చుట్టూ తిరిగి అన్నీ తనిఖీ చేశాడు. తాళం చెవి ముట్టుకునే ముందు సీటు, అద్దాలు, బెల్టు చూసుకోమని నేర్చుకునేవాళ్ళను ఎంత సతాయిస్తాడో అంతే శ్రద్ధగా చూశాడు. అందరి లైఫ్ జాకెట్లూ లాగి చూశాడు. తెడ్లు తట్టి చూశాడు. గేలపు కర్రలు, ఎరల డబ్బా, దూది, అయోడిన్ అన్నీ ఉన్నాయి. అత్తగారు గొడుగు, దిండు, టిఫిను డబ్బాలతో వచ్చి వెనక బల్ల మీద సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుంది. చిట్టి ఎదురుగా తెడ్ల దగ్గర కూర్చుంది. కోడలు మాత్రం ఎక్కనని చేత్తోనే సైగ చేసి, ఒడ్డు పక్కన నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన ఒక బండరాయి మీద చతికిలపడింది.

అక్కడి నుంచి చూస్తే బోటు వెనక భాగం బాగా కనిపిస్తోంది. అడుగున, వేలు పట్టేంత కన్నం ఉంది. అందులో బిరడా లేదు.

ఆవిడ కళ్ళు చికిలించి మళ్ళీ చూసింది. నిన్న సాయంత్రం పెద్దాయన తుడుస్తున్నప్పుడు అక్కడ ఇత్తడి తళతళలాడుతూ కనిపించింది. ఇప్పుడు కన్నంలోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది.

చెప్పాలి. ఎవరితో చెప్పాలి? మధ్యవర్తి బోటులో కూర్చుని నాయనమ్మతో ఫొటోలు దిగుతోంది. ఆవిడ ముందు దగ్గింది. మాస్టారు తలెత్తి, "మీ అమ్మకు గాలి పడ్డట్టు లేదు, ఆ మఫ్లరు ఇవ్వు," అన్నాడు చిట్టితో. చిట్టి మఫ్లరు విసిరింది. ఆవిడ దాన్ని పక్కన పడేసి బోటు వెనక వైపు వేలు చూపించింది. మాస్టారి మొహం విప్పారింది. తను బండిని దించిన తీరునే మెచ్చుకుంటోందని అనుకున్నాడు. సిగ్గుగా చెయ్యి ఊపి, బోటును నీళ్ళలోకి తోసి, ఒక్క గెంతు గెంతి ఎక్కాడు.

ఇంకొక్క నిమిషం చూద్దాం, ఆయనే గమనిస్తాడు, అనుకుంది. తన పంతం గురించి తర్వాత తలుచుకున్నప్పుడు ఆవిడకు ఎక్కువ సిగ్గనిపించింది ఆ ఒక్క నిమిషం గురించే.

బోటు హుందాగానే కదిలింది. అలవాటు కొద్దీ మాస్టారి కుడికాలు బోటు అడుగున బ్రేకు కోసం వెతుక్కుంటోంది. ఎదురుగా ఏ చిన్న అల వచ్చినా ఆ కాలు గట్టిగా నొక్కుతోంది. బోటు మాత్రం ఆగడం లేదు. కాళ్ళ కింద చల్లగా హాయిగా ఉందని అత్తగారు మెచ్చుకుంది. ఆ తర్వాత విప్పి పక్కన పెట్టిన తన చెప్పులు తేలుకుంటూ చిట్టి దగ్గరికి ప్రయాణం కట్టడం చూసి, బోటులో ఇలాగే ఉంటుందా అని కొడుకును అడిగింది.

ఒడ్డున కోడలు లేచి నిలబడింది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. నోటికి వచ్చింది ఒకే మాట.

"ఏమండీ!"

ఒడ్డున ఉన్న మొగవాళ్ళందరూ ఒక్కసారి తిరిగి చూశారు. కునికిపాట్లు పడుతున్నవాళ్ళు గేలాలు వదిలేసి లేచారు. మెడ లోతు నీళ్ళలో ఉన్న ఒకాయన, నేను దూరం వెళ్ళలేదే, ఇక్కడే ఉన్నాను, అని తన పెళ్ళానికి సంజాయిషీ చెప్పుకున్నాడు. తిరిగి చూడనిది మాస్టారొక్కడే. ఆ పిలుపు వినక వారమైంది. ఇంకెవరి ఇల్లాలో అనుకున్నాడు.

"నిన్నేరా," అంది అత్తగారు.

"బిరడా లేదండీ. వెనక కన్నం చూడండి."

మాస్టారు వంగి నీళ్ళలో చేత్తో తడిమాడు. దొరకలేదు. కంగారుగా అత్తగారి బల్ల దగ్గరికి జరిగాడు. ఈలోపు ఇంతసేపూ పని దొరక్క తచ్చాడుతున్న కుడికాలు దానంతటదే కన్నం మీదికి పోయింది. మడమ పెట్టి నొక్కాడు. నీరు ఆగింది. ఏ బోటులోనూ లేని బ్రేకు ఆయనకు దొరికింది.

ఇక ఆయన కదలడానికి లేదు. అత్తగారు టిఫిను డబ్బా మూత ఊడదీసి నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. చిట్టి తెడ్లు పట్టుకుంది గానీ, ఒకటి వేస్తే ఇంకొకటి లేస్తోంది. బోటు ఉన్నచోటే గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతోంది. ఒక చుట్టుకు మాస్టారి మొహం ఒడ్డుకు కనిపిస్తే, ఇంకో చుట్టుకు వీపు కనిపిస్తోంది.

కోడలు చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా, తర్వాత నడుము దాకా నడిచింది. రెండు తెడ్లూ ఒకేసారి వెయ్యమనీ, లాగేటప్పుడు చేతులతో కాదు, నడుముతో లాగమనీ చిట్టికి నింపాదిగా చెప్పింది. బోటు తిరగడం మానేసింది.

మాస్టారు ఆశ్చర్యంగా చూశాడు. "తెడ్డు వెయ్యడం నీకెలా తెలుసు?"

"మా నాన్న నేర్పాడు. సెలవు దొరికితే చాలు, అద్దె బోటు తీసుకుని చేపలకి పోయేవాళ్ళం. ఎర గుచ్చడం వచ్చు, చేపను కొక్కెం నుంచి తియ్యడం వచ్చు. ఈత కూడా వచ్చు."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడూ అడగలేదు."

బోటు అంచు ఆవిడ చేతికి అందింది. పట్టుకుంది గానీ లాగలేదు. నీళ్ళు ఆగాయి, అందరికీ లైఫ్ జాకెట్లున్నాయి, ఆయన మడమ తీసి పారిపోయే వీల్లేదు. మాట్లాడడానికి ఇంతకంటే మంచి చోటు మళ్ళీ దొరకదనిపించింది.

"నేను వద్దంటానని చెప్పలేదన్నారు కదా. అడిగి చూశారా?" అంది. గొంతు పెంచలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళు మాత్రం వినడానికి వీలుగా మాటలు ఆపేశారు. "ఈ ఇంట్లో నేనేదో కాదనడానికే పుట్టినట్టు మీరంతా అనేసుకున్నారు. నా బదులు వద్దని మీరే అనుకుంటారు. అనుకుని, మళ్ళీ నా మీద కోపం కూడా మీరే తెచ్చుకుంటారు. నా నోటితో నన్ను ఒక్కసారి అననిస్తే ఏం పోయింది?"

మాస్టారికి రోషం వచ్చింది. మడమ మీద బరువు తగ్గకుండా చూసుకుంటూ, కుక్కను తెచ్చుకుందామంటే తను వద్దనలేదా అన్నాడు. మేడ మీద గది వేసుకుందామంటే వద్దనలేదా అన్నాడు. పోయిన వేసవిలో ఊరెళ్దామంటే అన్నాడు.

"కుక్క సంగతి నాతో ఎప్పుడన్నారు?"

"నీతో అనలేదు. అమ్మ చెప్పింది, నీకు ఇష్టం లేదని."

"గది?"

మాస్టారు ఆగాడు. "అదీ అమ్మే చెప్పింది."

ఇద్దరూ కలిసి అత్తగారి వైపు తిరిగారు. వారం తర్వాత ఆ మొగుడూ పెళ్ళాలు కలిసి చేసిన మొదటి పని అది. అత్తగారు డబ్బా మూతతో మహా వేగంగా నీళ్ళు తోడుతోంది. తలెత్తకుండా, ముందు ప్రాణాలు దక్కనివ్వండి, మాటలకేం, ఇంటికెళ్ళాక ఎన్నైనా మాట్లాడుకోవచ్చు, అంది. చిట్టి కూడా ఎందుకో ఒక్కసారిగా తెడ్డు మీద అమితమైన శ్రద్ధ కనబరిచింది.

ఇన్నేళ్ళుగా తన పేరు మీద ఆ ఇంట్లో ఎన్ని వద్దులు చలామణీ అయ్యాయో కోడలికి లెక్క తెలియదు. కోపం రావాల్సిందే. వచ్చింది కూడా. కానీ మాస్టారి మొహం చూస్తే, ఇన్నాళ్ళూ తప్పు కళ్ళజోడు పెట్టుకు తిరిగి, ఇప్పుడే సరైన అద్దంలోంచి చూసిన మనిషిలా ఉంది. షాపులో అలాంటి మొహాలు ఆవిడకు అలవాటే. ఇక బోటును ఒడ్డుకు లాగింది.

వాళ్ళు వాలు దగ్గరికి చేరుతుండగానే బేకరీ వ్యాను వచ్చి ఆగింది. పెద్దాయన దిగి, బూట్లతోనే నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో ఇత్తడి బిరడా ఉంది. నిన్న సాయంత్రం ఎవరూ చూడకుండా తనే దాన్ని తీసి జేబులో వేసుకున్నాడట. తనను పిలవకుండా వెళ్ళిపోతారని అనుమానం వచ్చిందట. బిరడా లేకపోతే ఎలాగూ తన కోసం ఆగుతారు కదా అనుకున్నాడట. రోజూ అన్నిసార్లు చెప్పినా చూసుకోకుండా దించేస్తారని కలలో కూడా అనుకోలేదట.

"బాబాయిగారూ, అందులో మా పిల్ల ఉంది," అంది కోడలు.

పెద్దాయన అక్కడే తడి సిమెంటు మీద కూర్చుండిపోయాడు. చాలాసేపు బిరడాను అరచేతిలో తిప్పుతూ ఉన్నాడు. బేకరీలో ఉన్నన్నాళ్ళూ ఊరికంటే ముందు లేచేవాడిననీ, ఇప్పుడూ అదే వేళకు మెలకువ వస్తుందనీ, లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియక గోడలు చూస్తూ కూర్చుంటాననీ చెప్పాడు. ఒక్కణ్ణీ నీళ్ళ మీదికి పోవద్దని కొడుకులే పట్టుబట్టి బోటు అమ్మించారట.

"మీ ఇంటికి రావడం మొదలుపెట్టాక మళ్ళీ పొద్దున్నే ఓ పని దొరికిందమ్మా," అన్నాడు.

కోడలు వ్యాను చాటుకు పోయి, తడి బట్టలు విడిచి చిట్టి ట్రాక్ సూటు తొడుక్కుంది. వ్యానులోంచి వేడి రొట్టె వాసన వస్తోంది. ఎదురుగా నీళ్ళు ఎండలో మెరుస్తున్నాయి. బోటు అంచు పట్టుకున్నప్పుడు చెక్క అరచేతికి తగిలిన తీరు ఇంకా చేతిలోనే ఉంది. తండ్రి తనను ముందు కూర్చోబెట్టుకుని, తెడ్డు మీద తన చేతుల పైన చేతులు వేసి లాగించిన రోజులు గుర్తొచ్చాయి. ఆ బోటు కూడా పాతదే. దానికీ పెచ్చులూడేవి.

ఉంచుకుందాం, అనుకుంది. గేటు పక్క గోడ కాస్త కొట్టి చోటు చేయిస్తే వాకిలి ఖాళీ అవుతుంది. పెద్దాయనను కూడా ఆదివారాలు రమ్మందాం. ఆయనకు తోడు దొరుకుతుంది, మాస్టారికి బిరడా గుర్తు చేసే మనిషి దొరుకుతాడు. ఈ మాట తను వెళ్ళి చెబితే ఆయన మొహం ఎలా మారుతుందో తలుచుకుంటూ, జుట్టు ముడేసుకుని వచ్చింది.

మాస్టారు ఎదురొచ్చాడు. పరీక్ష పాసైనవాడిలా వెలిగిపోతున్నాడు.

"అంతా సెటిల్ చేసేశాను. బోటు పెద్దాయనకే వెనక్కి ఇచ్చేస్తానని మాట ఇచ్చేశా. ఇక నీకు ఏ బాధా లేదు. స్టూళ్ళు ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు."

ఆవిడ ఆయన వైపు చూసింది. అవతల పెద్దాయన అప్పుడే బోటును తన గుడ్డతో ముద్దుగా తుడుచుకుంటున్నాడు.

"ఎవర్నడిగి ఇచ్చారు?"

మాస్టారు చొక్కా గుండీలు చూసుకున్నాడు. "నీకోసమే కదా," అన్నాడు సన్నగా.

"కొనేటప్పుడూ అడగలేదు, ఇచ్చేటప్పుడూ అడగలేదు. నాకోసం మీరు చేసే పనులన్నీ నాకే ఆఖర్న తెలుస్తున్నాయి," అంది.

నేరుగా బోటు దగ్గరికి నడిచింది. పెద్దాయన ముందు చెయ్యి చాపింది. ఆయన బిరడా చేతిలో పెట్టాడు. ఆవిడ వంగి దాన్ని కన్నంలో పెట్టి, మరలు కూర్చునేదాకా తిప్పి బిగించింది. చిట్టిని దిగమంది. తాడు విప్పింది. బోటును ముందుకు తోసి, నీళ్ళు చిందకుండా లోపలికెక్కి, తెడ్ల ముందు కూర్చుంది.

వెనక బల్ల మీద అత్తగారు ఇంకా గొడుగు కిందే ఉంది. ఎండ చల్లబడ్డాక దిగుదామని కూర్చుంది. బోటు కదలడం చూసి, ఎదురుగా ఉన్నది ఎవరో చూసి, దిండు చంకన పెట్టుకుని, "నన్ను దింపెయ్యమ్మా, నడుం పట్టేసింది," అంది.

"కూర్చోండి అత్తయ్యా. మనం కాస్త మాట్లాడుకోవాలి."

తెడ్లు రెండూ ఒకేసారి నీళ్ళలో మునిగాయి. బోటు గీత గీసినట్టు లోపలికి సాగింది. ఒడ్డున పెద్దాయన గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. చిట్టి ఎవరి మాట ఎవరికి చేరవెయ్యాలో తెలియక నిలబడింది. మాస్టారు కాసేపు ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఉన్నట్టుండి నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళ దాకా వచ్చాడు. ఈత రాదు కాబట్టి తొడల దాకా వచ్చి ఆగాడు. చొక్కా అంచులు తడుస్తున్నాయి.

"ఏమోయ్," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నేనూ రావచ్చా?"

తెడ్లు ఆగాయి. బోటు ఊగుతూ నిలబడింది. అత్తగారి మొహంలో ప్రాణం లేచివచ్చింది. గబగబా గొడుగు పక్కకు వంచి, కొడుకు వైపు తిరిగి, జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.

కోడలు తడి తెడ్డును ఒళ్ళోకి తీసుకుంది.

"మీరాగండి అత్తయ్యా," అంది. "ఆయన అడిగింది నన్ను."